మర్ఫా వినబడని చోటు

హనుమకొండ తిరిగొచ్చి వారం దాటింది. నా చొక్కాల్లోంచి ఇంకా గుర్రం వాసన పోలేదని మా ఆవిడ వాటిని విడిగా ఉతుకుతోంది. ఇంటిపేరే గుర్రం అయినప్పుడు ఒంట్లోంచి మల్లెపూల వాసన ఎలా వస్తుందని అడిగాను. ఆమె సబ్బు మార్చింది.

పేరులో ఉందే గానీ, ఈ వయసు వచ్చేదాకా నేను గుర్రాన్ని ముట్టుకున్నది లేదు. డ్రాయింగ్ మాస్టారుగా ఉన్న రోజుల్లో నల్లబల్ల మీద గుర్రం వేస్తే పిల్లలు మేక అనేవారు. జూలు పెంచితే సింహం అనేవారు. చివరికి కింద పేరు రాసేవాణ్ణి, అదీ నా పేరే కాబట్టి సంతకం అనుకునేవారు.

అలాంటి నన్ను గుర్రం దగ్గరికి లాక్కెళ్ళింది మా అక్క కూతురు సునీత. పశువుల డాక్టరు. గుర్రాలకు కండరాలు పట్టేసినా, బెణికినా ఆ చోట లేజర్ వెలుతురు పట్టించి నొప్పి తగ్గించే యంత్రం ఒకటి కొత్తగా తెచ్చుకుంది. పాతబస్తీలో, బార్కస్‌లో ఉండే ఒక పెళ్ళిగుర్రాల ఆసామి ఆమెకు ఫోన్ చేశాడు.

"మామా, పాతబస్తీ గల్లీలు నీకు ఎరికే కద. నాతోని రారాదు," అంది.

"యాకుత్‌పురాల పుట్టినోణ్ణి బిడ్డా. కండ్లు మూసుకొని తిప్పుత."

తర్వాత కళ్ళు తెరుచుకునే దారి తప్పాను. ఆ సంగతి వరసలో వస్తుంది.

యాకుత్‌పురా స్టేషన్

కారులో పోదామంది సునీత. రైలైతేనే వస్తానన్నాను. నాకు ఆ స్టేషన్లో దిగాలని ఉంది.

మా బాపు రైల్వేలో ఖలాసీ. పట్టాల పక్కనే మా క్వార్టరు. జీతం వచ్చిన రోజు మమ్మల్ని అందరినీ స్టేషన్ ముందు టాంగా ఎక్కించి చార్మినార్‌కి తీసుకెళ్ళేవాడు. నేను ఏడ్చి మరీ ముందు, టాంగావాలా పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడి నుంచి కనబడేది గుర్రం వెనక భాగమే అయినా, ఆ రోజుల్లో నాకు అంతకు మించిన దృశ్యం లేదు. తారురోడ్డు మీద గిట్టల చప్పుడు వింటూ వెళ్ళేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు అదే చప్పుడుకు నిద్రపోయేవాణ్ణి.

ఇప్పుడు స్టేషన్ ముందు టాంగాలు లేవు. లేవని తెలుసు. అయినా బయటికి రాగానే ముందు నా చూపు అవి నిలబడే చోటికే పోయింది. అక్కడ ఆటోలున్నాయి.

"యాడికి పోవాలె అన్నా?" అన్నాడు ఒక ఆటో అతను, మా చేతిలోని పెట్టె వైపు చూస్తూ. "గీ పెట్టెల ఏముంది?"

"మిషిన్. గుర్రానికి లైట్ పెట్టేది. ఈమె పశువుల డాక్టరు."

అతను తన ఆటో ముందువైపు చూపించాడు. "ఎడమదిక్కు హెడ్‌లైట్ నాది గూడ పోయింది డాక్టరమ్మా. పనిలపనిగ చూడరాదు."

సునీత నవ్వి ఎక్కి కూర్చుంది. దారి నేను చెబుతానన్నాను. సోడా దుకాణం పక్క నుంచి పోనిమ్మన్నాను, పోనిచ్చాడు. బొగ్గు డిపో దగ్గర తిప్పమన్నాను, తిప్పాడు. ఒక సెల్‌ఫోన్ల దుకాణం గోడ ముందు ఆగిపోయాం. సోడా దుకాణమూ లేదు, బొగ్గు డిపో లేదు, ముందుకు దారీ లేదు.

"అన్నా," అన్నాడతను మర్యాదగానే, "నువ్వు చెప్పే ఊరు యాడుందో గని, ఇది కాదు."

అక్కడి నుంచి నన్ను అడగకుండానే తీసుకెళ్ళాడు.

బార్కస్‌లో గుల్నార్

బార్కస్‌లో అడుగుపెడితే ముందు కనబడేది లుంగీలు. నగరంలో మిగతాచోట్ల లుంగీ ఇంట్లోనే ఉంటుంది, ఇక్కడ బజారుకు, నమాజుకు, పంచాయితీకి కూడా అదే. బండి మీద జామకాయలు కొన్నాం. కోసి, ఉప్పూ కారం రాసి ఇచ్చాడు. మా ఊళ్ళోనూ అంతే ఇస్తారు, కానీ ఈ జామకాయ కొరికితే పళ్ళకు పని తగ్గింది. నా పళ్ళకు అది పెద్ద సాయం.

గుర్రాల ఆసామి ఉమర్ భాయ్ గుమ్మం దగ్గరే ఎదురుచూస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. ఆయన పూర్వీకులు అరబ్బు దేశం నుంచి నిజాం సైన్యంలోకి వచ్చినవాళ్ళు.

"మా తాత ఫౌజ్‌ల గుర్రమెక్కిండు. నేను పెండ్లి బరాత్‌ల గుర్రాన్ని నడిపిస్తున్న. ఇజ్జత్ ఒకటే భాయ్ సాబ్, ఇప్పుడు తుపాకుల బదులు పటాకులు," అన్నాడు.

చిన్న కప్పుల్లో కహ్వా వచ్చింది, శొంఠి ఘాటుతో. తాగి పెట్టగానే మళ్ళీ నింపాడు. మర్యాద కోసం మళ్ళీ తాగాను, మళ్ళీ నింపాడు. మా వైపు చాలు అంటే చెయ్యి అడ్డం పెడతాం, పోసేవాళ్ళు ఆ చేతి మీదే పోస్తారు. ఇక్కడ ఖాళీ కప్పును కొంచెం ఊపి ఇవ్వాలట. ఆ సంగతి సునీతకు ఎవరు చెప్పారో, మొదటి కప్పుకే ఊపేసింది. నాకు తెలిసేసరికి కప్పుతో పాటు చెయ్యి కూడా దానంతటదే ఊగుతోంది.

గుల్నార్ వెనక వాకిట్లో ఉంది. తెల్లటి ఆడగుర్రం. అంత అందమైన ప్రాణిని నల్లబల్ల మీద మేకగా మార్చినందుకు సిగ్గేసింది. ఎడమ ముందుకాలు సగమే నేలకు ఆనించి, బరువంతా కుడి వైపు వేసుకుని నిలబడింది. ఒక ఫంక్షన్ హాలు నున్నటి బండల మీద, పైన బరువైన పెళ్ళికొడుకు ఉండగా కాలు జారిందట. అప్పటి నుంచి ఎడమ భుజం పట్టేసింది. ఎన్ని నూనెలు మర్దన చేసినా వదలలేదు.

"దీని అమ్మ గూడ మా ఇంట్లనే పుట్టింది, మా ఇంట్లనే బరాత్ ఆట నేర్చి నాచింది," అన్నాడు ఉమర్ భాయ్, దాని మెడ నిమురుతూ. "ఇప్పుడు పెండ్లిండ్ల సీజన్ మొదలైతది. కుంటే గుర్రం మీద దూల్హాను ఎవరు ఎక్కిస్తరు? ఇటుకబట్టీల మనిషి ఒకడు కొంటనని అడిగిండు. శుక్రవారం వస్తనన్నడు. గప్పటికి నడక రాకుంటే ఇచ్చేస్త. దానికి దాణా పెట్టాల్నా, ఇంట్ల పెట్టాల్నా, మీరే చెప్పుండ్రి."

ఇటుకబట్టీ అంటే బండి లాగాలి. సునీత ఆ భుజం మీద చెయ్యేసి ఒత్తి చూసింది. గుర్రం ఒళ్ళంతా జలదరించింది. "గీ భుజంతోని బండి లాగితే ఎక్కువ రోజులు నిలవది," అని నాకు మాత్రమే వినబడేట్టు అంది.

వాకిలి ముందు గల్లీలో దాన్ని కొంచెం పరుగెత్తించమంది. నన్ను కళ్ళు మూసుకుని వినమంది. "కుంటు కంటికి దొరక్కపోయినా చెవికి దొరుకుతది మామా. మంచిగుంటే చప్పుడు ఒక్క తీరుగ పడ్తది. నొప్పి ఉన్న కాలు మెల్లగ పెడ్తది."

కళ్ళు మూసుకున్నాను. టక్, టక్, టక్, టిక్. మళ్ళీ టక్, టక్, టక్, టిక్. చిన్నప్పుడు టాంగా మీద నేను నిద్రపోయిన చప్పుడులో ఒక అక్షరం ఎగిరిపోయినట్టుంది.

తర్వాత వైద్యం. లేజర్ వెలుతురు కంట్లో పడకూడదు కాబట్టి ముగ్గురం నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాం. గుల్నార్ కళ్ళకు ఉమర్ భాయ్ ఒక పాత దుపట్టా కట్టాడు. సునీత టార్చిలైటు లాంటి పరికరాన్ని భుజం మీద మెల్లగా, ఇస్త్రీ చేసినట్టు తిప్పసాగింది. వెలుతురు చర్మం దాటి లోపలికి పోతుందని, నొప్పి తగ్గి రక్తం బాగా ఆడుతుందని, తెగిన కండ అతుక్కోవడానికి సాయం చేస్తుందని చెప్పింది. అంతలో గుర్రం చటుక్కున పక్కకు జరిగింది.

సునీత యంత్రం ఆపి ఆ చోట అరచెయ్యి పెట్టింది. "మెహందీ ఎప్పుడు పెట్టిన్రు?"

తెల్లటి భుజం మీద ఎర్రటి మెహందీ పువ్వులున్నాయి. పెళ్ళిగుర్రాలకు అది మామూలే గానీ ఇవి కొత్తగా, ముదురుగా ఉన్నాయి.

"మొన్న పెట్టిన," అన్నాడు ఉమర్ భాయ్ కొంచెం గర్వంగా. "డాక్టరమ్మ వస్తున్నది, ముస్తాబు లేకుంటె ఎట్ల?"

ముదురు రంగు మీద వెలుతురు వేడిగా మారుతుందట. నల్లగుర్రాలకు అందుకే తక్కువ పెడతారట. సునీత వేడి తగ్గించి, పువ్వుల చుట్టూ తప్పించుకుంటూ పని ముగించింది. ముగ్గు తొక్కకుండా వాకిట్లో నడిచినట్టు చేసింది.

లాడ్ బజార్

రాత్రి లాడ్జిలో పడుకుని మర్నాడు వెళ్ళేసరికి గుల్నార్ ఎడమ కాలు పూర్తిగా నేలకు ఆనించి నిలబడింది. ఉమర్ భాయ్ సునీత చేతులకు దండం పెట్టినంత పని చేశాడు. సాయంత్రం ఆ సంతోషంలో లాడ్ బజార్‌కి వెళ్ళాం.

మా అమ్మకు గాజులు కొనేది ఈ వీధిలోనే. టాంగా చార్మినార్ దగ్గర ఆగితే, బాపు మమ్మల్ని ఒక అరుగు మీద కూర్చోబెట్టి కదలొద్దనేవాడు. అమ్మ చేతి నిండా గాజులతో బయటికి వచ్చేది. టాంగా కుదుపుకు దారి పొడుగునా అవి మోగేవి, కింద గిట్టలు, పైన గాజులు. ఆ అరుగు కోసం చాలాసేపు వెతికాను. అరుగులన్నీ దుకాణాలు మింగేశాయి.

మా ఆవిడకు లక్కగాజులు కొందామని ఒక దుకాణంలో కూర్చున్నాను. గాజుల భాయ్ సైజు అడిగాడు. తెలియదు. నా పిడికిలి చూపించి దీనికన్నా కొంచెం చిన్నదన్నాను.

"పెండ్లి ఎప్పుడైంది చాచా?"

"ముప్పై ఏండ్లు దాటింది."

"చెయ్యి పట్టుకొని ముప్పై ఏండ్లాయె, సైజు తెల్వదా?" అన్నాడు గాజుల భాయ్. సునీత ఈ మాటను ఇంటికి మోసుకెళ్ళింది. గాజుల కన్నా ముందు అదే మా ఆవిడకు అందింది. గాజులు చిన్నవయ్యాయి కూడా.

మళ్ళీ బార్కస్

మూడో రోజు గుల్నార్ మొదటి రోజు కన్నా ఎక్కువ కుంటుతోంది.

సునీత భుజాన్ని వేళ్ళతో వెతికి వెతికి చూసింది. యంత్రం మీటలు సరిచూసింది. ఇంకోసారి వెలుతురు పట్టించింది. ఉమర్ భాయ్ మధ్యాహ్నం తినకుండా వెళ్ళొద్దని పట్టుబట్టాడు. పెద్ద పళ్ళెంలో మండీ వచ్చింది, అన్నం మీద మాంసం. అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినాలి. మా ఇళ్ళల్లో ఎవరి కంచం వాళ్ళది, ఎవరు ఎంత తిన్నారో కంచం చెబుతుంది. ఇక్కడ ఆ లెక్క ఉండదనుకున్నాను. కానీ ఆ రోజు ముగ్గురం తినకపోయేసరికి పళ్ళెం నింపినది నింపినట్టే ఉంది.

"నసీబ్ డాక్టరమ్మా," అన్నాడాయన. "నువ్వు చేసేది చేసినవ్. శుక్రవారం రానియ్యుండ్రి వాణ్ణి."

పొద్దు వాలే ముందు మళ్ళీ నల్లద్దాలు పెట్టుకుని, భుజానికి మరోసారి వెలుతురు పట్టించి బయటపడ్డాం. గల్లీ మలుపు దాటాక చీకటి తొందరగా పడుతోందే అన్నాను. సునీత నా మొహం వంక చూసి, "మామా, నల్లద్దాలు తియ్యి," అంది. తీశాను. సాయంత్రపుటెండ ఇంకా మిగిలే ఉంది. నా అసలు కళ్ళజోడు గుర్రం దగ్గర ఉండిపోయింది. ఆమెను టీ కొట్టు దగ్గర ఆగమని నేను వెనక్కి వెళ్ళాను.

ఇంటి దగ్గరికి వచ్చేసరికి మర్ఫా మోత వినబడింది. మర్ఫా అంటే బార్కస్ డోలు వాద్యం, ఇక్కడి అరబ్బులు తమతో తెచ్చుకున్నది. ఇప్పుడు నగరంలో ఇతర మతాల పెళ్ళిళ్ళలోనూ మోగుతుంది. గోడ అవతల ఉమర్ భాయ్ చిన్నాన్న కొడుకుల జట్టు సాధన చేస్తోంది. గోడ ఇవతల గుల్నార్ నాట్యమాడుతోంది.

కట్టుకొయ్య దగ్గరే, తాడు ఎంత పొడుగుంటే అంత మేర. మెడ విల్లులా వంచి, ముందుకాళ్ళు ఒకటి తర్వాత ఒకటి ఎత్తి, డోలు దెబ్బ పడినప్పుడు సరిగ్గా నేల మీద వేస్తోంది. నొప్పి ఉన్న ఎడమ కాలు కూడా. దాని పక్కన ఉమర్ భాయ్ స్టూలు వేసుకుని కూర్చున్నాడు, మొహం వెలిగిపోతోంది.

"చూసినవా భాయ్ సాబ్, మస్తు ఆడుతున్నది. రోజూ మర్ఫా మోగంగనె ఆడుతది. దెబ్బ తగిలినంక మెల్లగ ఆడేది. మీరు లైటు పెట్టినప్పటి సంది జోరు పెరిగింది. పొద్దుగాల ఏమైతదో గని, గీ టైముల మంచిగ అయిపోతది."

నేను ఇంకా పరుగెత్తగలనని ఆ రోజు తెలిసింది. సునీతను టీ గ్లాసుతో సహా లాక్కొచ్చాను.

ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. "రెస్ట్ ఇచ్చిననని చెప్పినవ్ కద ఉమర్ భాయ్."

"ఇచ్చిన. ఒక్క బరాత్‌కు పంపలే."

"మరి ఇదేంది?"

ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. "ఇది పనా? దాని సంతోషం."

"నొప్పి నేను తగ్గించిన. తగ్గిందని అది ఆడింది. ఆడితే కండ మళ్ళ తెగింది," అంది సునీత మెల్లగా. "నేను పొద్దున కుట్టింది మర్ఫా సాయంత్రం విప్పుతున్నది."

ఉమర్ భాయ్ లేచి గోడ దగ్గరికి వెళ్ళి గట్టిగా అరబ్బీ పేరేదో పిలిచాడు. మోత ఆగింది. గుల్నార్ ఎత్తిన కాలు అలాగే పట్టుకుని, చెవులు నిక్కబొడుచుకుని, తర్వాతి దెబ్బ కోసం చూసింది. అది రాలేదు. అప్పుడు కాలు దించి కుంటుతూ గడ్డి వైపు తిరిగింది. ఉమర్ భాయ్ దాని మొహాన్ని తన భుజం మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

చెవుల్లో దూది పెట్టి చూశాం, విదిలించి పారేసింది. గోడ అవతలి జట్టువాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆపుతామన్నారు. కానీ సీజన్ ముందు బార్కస్‌లో ఈ గల్లీ ఆగితే పక్క గల్లీ మోగుతుంది. ఏ వాకిట్లో కట్టినా వినబడుతుంది.

"మర్ఫా వినబడని చోటు ఉండాలె," అంది సునీత.

నాకు ఒక్కటే చోటు తోచింది. అది కూడా సోడా దుకాణంలాగే మాయమైపోయి ఉంటుందేమోనని భయపడుతూ చెప్పాను.

కిషన్‌లాల్ గడ్డికొట్టు

కిషన్‌లాల్ నా బడి దోస్తు. వాళ్ళది తరాలుగా యాకుత్‌పురాలో గడ్డి, దాణా అమ్మే కుటుంబం. టాంగాల గుర్రాలు వాళ్ళ కొట్టు వెనక పెద్ద వాకిట్లోనే మేతకు ఆగేవి. నేను ఊరు వదిలాక అతన్ని చూడలేదు. కొట్టు ఉంది. గల్లా మీద అతనే ఉన్నాడు, ఒళ్ళు రెండింతలై, జుట్టు సగమై. నన్ను, నా వెనక వ్యాన్ లోంచి దిగుతున్న తెల్లగుర్రాన్ని మార్చి మార్చి చూశాడు.

"అరే గుర్రం," అన్నాడు. "ఇన్నేండ్లకు వచ్చినవ్, చుట్టాలను గూడ తోల్కొచ్చినావ్రా?"

వెనక వాకిలి అలాగే ఉంది. గోడకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు తుప్పుపట్టి వేలాడుతున్నాయి.

"ఆఖరి టాంగా పోయినంక పీకేద్దామనుకున్న. మా బాపు పీకనియ్యలే," అన్నాడు కిషన్‌లాల్. "బాపు పోయిండు. నాకు మనసొప్పలే."

గుల్నార్‌ను కడియానికి కట్టారు. నేల మీద పొట్టు మెత్తగా పరిచారు. గోడ అవతల పట్టాలు. రైలు పోతే పెంకులు అదిరేవి గానీ గుల్నార్ చెవి కూడా కదిపేది కాదు. రైలుకు ఆడమని దానికి ఎవరూ నేర్పలేదు. సునీత పొద్దున వచ్చి వెలుతురు పట్టించేది. మిగతా రోజంతా అది నిలబడి గడ్డి నమిలేది. ఉమర్ భాయ్ అక్కడే పక్క వేసుకున్నాడు.

నేను పగలంతా కిషన్‌లాల్ మంచం మీద కూర్చునేవాణ్ణి. పొద్దున ఫలహారానికి బయటి నుంచి ఖిచిడీ, ఖట్టా వచ్చేవి. ఈ పులుసు కోసమే చిన్నప్పుడు పక్కింటి వాకిట్లో ఆడుకునే నెపంతో తిరిగేవాణ్ణి. మాట్లాడుకోవడానికి చాలా ఉందనుకున్నాం. తీరా కూర్చుంటే, గడ్డి వాసన వస్తుంటే, ఇద్దరికీ మాటలు పెద్దగా అవసరం పడలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక ఇటుకబట్టీ మనిషి అక్కడికే వచ్చాడు. మంచివాడే. గుర్రం పళ్ళు చూశాడు, గిట్టలు చూశాడు. సునీత గుల్నార్‌ను వాకిలి ముందు రోడ్డు మీద పరుగెత్తించమంది. నేను ఎవరూ అడగకుండానే కళ్ళు మూసుకున్నాను. చప్పుడు సమంగా పడింది.

"మంచిగైంది," అంది సునీత. "కానీ ఎండలు ముదిరేదాకా ఆట వద్దు. నడక ఒక్కటే. ఆడితే మళ్ళ మొదటికొస్తది."

ఉమర్ భాయ్ తాడును చేతికి చుట్టుకున్నాడు. "నాచని గుర్రాన్ని బరాత్‌కు ఎవరు పిలుస్తరు డాక్టరమ్మా? ఎండలు వచ్చేసరికి సీజనే పోతది."

"నాకు ఆటతోని పనిలేదు," అన్నాడు బట్టీ మనిషి. "లాగితే చాలు."

ఆ మాట అన్నందుకు అతనే ఇబ్బంది పడ్డట్టున్నాడు, గుర్రం మెడ మీద చెయ్యి వేసి తీసేశాడు.

గల్లా దగ్గర నుంచి కిషన్‌లాల్ గొంతు వచ్చింది. "మా ఇండ్లల్ల మర్ఫా ఉండదు."

అందరం అటు తిరిగాం.

"మా చిన్నకొడుకు పెండ్లి ఉన్నది. మాకు షహనాయి. దూల్హాను ఎక్కిస్తరు, ఆడపడుచులు గుర్రానికి శనగపప్పు తినిపిస్తరు, గుడిదాక నడిపిస్తరు, అయిపోయె. మా బిరాదరీల, మా కులపోళ్ళందరికీ గంతే. గుర్రం ఎగిరితే మా ముసలోళ్ళకు భయం గూడ." గల్లా దిగి మెల్లగా వచ్చాడు. "మావోడు సన్నగుంటడు. నా పోలిక రాలే."

ఉమర్ భాయ్ గుల్నార్ మొహం వంక చూశాడు. తర్వాత బట్టీ మనిషి వైపు తిరిగి, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, "మాఫ్ కరో భాయ్," అన్నాడు. ఆ మనిషి తలూపి, టీ తాగి వెళ్ళిపోయాడు. గుర్రం దక్కనందుకు అతనికి పెద్ద బాధ ఉన్నట్టు నాకైతే కనబడలేదు.

మళ్ళీ స్టేషన్

తిరుగు రైలు కోసం ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాం. పెట్టె సునీత దగ్గర, చిన్న గాజులు నా దగ్గర. పట్టాలకు అవతల, గోడ వెంట రోడ్డు మీద ఉమర్ భాయ్ గుల్నార్‌ను నడిపిస్తున్నాడు. సాయంత్రం కొంచెంసేపు నడక మంచిదని సునీతే చెప్పింది. గోడ అడ్డం ఉంది. దాని చెవుల కొనలు, ఆయన టోపీ మాత్రం కనబడుతున్నాయి. చప్పుడు వినబడుతోంది.

కళ్ళు మూసుకున్నాను. టక్, టక్, టక్, టక్. ఎడమ కాలిని వెతికాను, దొరకలేదు, నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. వెతకడం మానేసి ఊరికే విన్నాను. జీతం రోజు, చార్మినార్ నుంచి తిరిగొస్తూ, వెనక అమ్మ గాజులు, ముందు టాంగావాలా మోచెయ్యి. నిద్ర వస్తున్నట్టే అనిపించింది.

"మామా," అని సునీత రెండుసార్లు పిలిచిందట. మూడోసారి కిటికీలోంచి పిలిచిందట. కళ్ళు తెరిచేసరికి రైలు ఆఖరి పెట్టె నన్ను దాటిపోతోంది.

నేను అక్కడే ఉండిపోయాను. ఇంకో రైలు వస్తుంది. గోడ అవతల గిట్టల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది.